పోచింకీ ఏ జిల్లాలో ఉంది?

"పోచింకీల దిగుదామా, స్కూల్ కాడ దిగుదామా? తొందరగ చెప్పున్రి!"

పోయిన దసరా సెలవుల్లో ఓ మధ్యాహ్నం. సద్దుల బతుకమ్మకని నేను వంటింట్లో పల్లీలు వేయిస్తున్నాను. ఈసారి పుట్టింటికి వెళ్లడం కుదరక, మా అమ్మనే ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కి రప్పించుకున్నాను. హాల్లో చాప మీద కూర్చుని తంగేడు పూలు ఏరుతున్న మా అమ్మ, పక్కగదిలోంచి మా వాడి కేకలు విని తలెత్తింది.

"ఏ ఊరు బిడ్డా అది? పోచంపల్లా?"

మా వాడు పడీపడీ నవ్వాడు. "పోచంపల్లి కాదు అమ్మమ్మా, పోచింకీ!"

"గదేడుంది మరి? ఏ జిల్లాల?"

2016లో జిల్లాలన్నీ విడగొట్టాక మా అమ్మకి ప్రతి ఊరికీ జిల్లా అడగడం అలవాటైపోయింది. మొన్నటిదాకా ఆదిలాబాద్ అనుకున్న నిర్మల్, మంచిర్యాల కూడా వేరే జిల్లాలైపోయాయి కదా! ఆవిడ ప్రశ్నకి నేనూ నవ్వాను. వేయించిన పల్లీలు చేటలో పోసుకుని పొట్టు ఊదుకుంటూ కూర్చున్నాను. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ ప్రశ్న నన్ను ఏడిపిస్తుందని అప్పుడు తెలీదు.

పోచింకీ ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు. మీ ఇంట్లో పన్నెండేళ్లు దాటిన పిల్లలుంటే వాళ్లకీ తెలిసే ఉంటుంది. మనం 'పబ్జీ' అని తిట్టుకునే ఆటలో ఎరాంగెల్ అనే దీవి ఉంది. ఒక్కోవైపు ఎనిమిది కిలోమీటర్లుండే చదరం. ఆ దీవి నడిబొడ్డున ఉన్న ఊరే పోచింకీ. విమానంలోంచి వందమంది గొడుగులు కట్టుకుని ఆ దీవి మీదికి దూకుతారు. నలుగురేసి ఒక జట్టు. దిగేటప్పుడు అందరివీ ఖాళీ చేతులే. ఇళ్లల్లో దూరి తుపాకీ, తలకి టోపీ, గాయాలకి కట్లు... ఎవరికి దొరికింది వాళ్లు తీసుకోవాలి. ఆఖరికి మిగిలిన జట్టుదే గెలుపు. అంతా కలిపి అరగంట ఆట.

అరగంటే కదా అనుకుంటాం. కానీ అరగంట తర్వాత ఇంకో అరగంట ఉంటుందని తల్లులకి తెలియనిదేముంది! "ఇంకొక్కటే అమ్మా" అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు?

పండగైపోయిన మర్నాడు రాత్రి నా ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చింది. పదిహేను వందల యాభై రూపాయలు పోయాయి. ఎవరు తీశారా అని కంగారుపడి చూస్తే మా వాడే! ఆటలో వాడి బొమ్మకి కొత్త చొక్కా, తుపాకీకి కొత్త రంగు కొన్నాడట. నా పిన్ నంబరు వాడికి నేనే చెప్పాను. కిరాణా కొట్టుకి పంపినప్పుడల్లా నేను వెళ్లక్కర్లేదని బద్ధకించి! ఆ సంగతి నాకప్పుడు గుర్తుకు రాలేదు. చెంప ఛెళ్లుమనిపించాను. ఫోన్ లాక్కుని బియ్యం డబ్బాలో దాచాను. మావారు "పిల్లాడి మీద చెయ్యి చేసుకుంటావా" అంటే ఆయన మీదా అరిచాను.

పొద్దున ట్యూషన్‌కని వెళ్లినవాడు మధ్యాహ్నం ఒంటిగంటైనా రాలేదు.

ట్యూషన్ మాస్టారుకి ఫోన్ చేస్తే ఇవాళ రాలేదన్నారు. అంతే, కాళ్లూ చేతులూ ఆడలేదు. మావారు బండేసుకుని బయల్దేరబోతూ, "ఎక్కడెక్కడ చూడమంటావు?" అని అడిగారు. నేను నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. మా వాడు ఎక్కడికి వెళ్తాడో నాకు తెలీదు! స్కూలు తెలుసు, ట్యూషన్ తెలుసు, వీధి చివర కొట్టు తెలుసు. స్నేహితులంటారా... ఆటలో వాడు పిలిచే వింత వింత పేర్లు రెండు మూడు తెలుసు. వాళ్ల అసలు పేర్లేమిటి, ఇళ్లెక్కడ, తల్లిదండ్రులెవరు... ఒక్కటీ తెలీదు. పద్నాలుగేళ్లుగా రోజూ అన్నం పెడుతున్న కొడుకు ఎక్కడ తిరుగుతాడో తల్లికి తెలీదు. ఎక్కడో లేని దీవిలో మాత్రం ఏ ఇంటి వెనక ఏ గోడ ఉందో వాడికి కంఠతా వచ్చు!

మావారు టవర్ సర్కిల్, గీతాభవన్ చౌరస్తా, ఎస్సారార్ కాలేజీ గ్రౌండు... అన్నీ తిరుగుతున్నారు. నా మనసు మాత్రం మానేరు డ్యాం మీదే ఉంది. కరీంనగర్ తల్లులకి ఆ కట్టంటే ముచ్చటా ఉంటుంది, భయమూ ఉంటుంది. మా అమ్మ దేవుడి పటం ముందు కూర్చుని లేవలేదు.

మూడింటికి ఆదిలాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. మా అక్క కూతురు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. గొంతు గుసగుసగా ఉంది.

"చిన్నమ్మా, నువ్వు పరేషాన్ కాకు. తమ్ముడు బస్టాండ్‌ల ఉన్నడు. ఆదిలాబాద్ బస్సు ఆగే కాడ బెంచీ మీద కూసోమన్న. నువ్వొచ్చేదాక కదలనని ఒట్టేసిండు."

"నీకెట్ల తెల్సే?"

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "దోస్తు ఫోన్‌లకెల్లి ఆటల మెసేజ్ పెట్టిండు చిన్నమ్మా. మేమిద్దరం ఒక్క టీమే. అమ్మకు చెప్పకు" అంది.

బస్టాండుకి ఎలా వెళ్లానో గుర్తులేదు. వాడు అక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు కానీ ఏడవలేదు. ఏడ్చింది నేను.

ఆ రాత్రి అన్నాలయ్యాక బియ్యం డబ్బాలోంచి ఫోన్ తీసి వాడి చేతిలో పెట్టాను. "నీ పోచింకీ ఏడుందో చూపియ్" అన్నాను. వాడు నా మొహంలోకి అనుమానంగా చూశాడు. తిడతానేమో అనుకున్నాడు. తిట్టనని తెలిశాక నా పక్కనే కూర్చుని దీవి అంతా తిప్పి చూపించాడు.

ఏం చెప్పమంటారు! వాడికి తెలిసిందేమిటో అప్పుడే నాకు తెలిసింది. దీవికి దక్షిణాన మిలిటరీ స్థావరం ఉంది. నడుమ సముద్రపు పాయ, దాని మీద వంతెనలు. వంతెనకి అవతల శత్రువులు కాచుకుని ఉంటే పడవలో ఎలా దాటాలో చెప్పాడు. గుట్ట మీదున్నవాడికి లోయలో ఉన్నవాడు ఎందుకు సులువుగా దొరుకుతాడో, చెట్టు చాటుకీ గోడ చాటుకీ తేడా ఏమిటో చెప్పాడు. ఒకడు ముందు నడిస్తే ఒకడు వెనక కాపు కాయాలి. మ్యాప్ మీద గుర్తు పెట్టి మిగతావాళ్లకి దారి చూపాలి. దెబ్బ తిని పడిపోయినవాడిని వదిలేసి పోకుండా దగ్గరికెళ్లి లేపాలి. సోషల్ పరీక్షలో ఇండియా మ్యాప్ ఇస్తే గోదావరిని తీసుకెళ్లి గుజరాత్‌లో పెట్టిన మహానుభావుడు వీడేనా అనిపించింది!

నేను చూసింది మాత్రం వేరు. వాడు ఒక ఇంట్లో దూరాడు. "ఆగు ఆగు, ఆ వంటిల్లు చూపియ్" అన్నాను. వాడికి నవ్వొచ్చింది. పొయ్యి ఉంది, నిప్పు లేదు. మంచముంది, పడుకునేవాళ్లు లేరు. ఇల్లు ఇల్లంతా చూశాం... మనిషి జాడ లేదు. కథ ప్రకారం అది మిలిటరీవాళ్లు ఆక్రమించాక జనం వదిలేసిపోయిన దీవి అట. ఇల్లు నడిపేదాన్ని కదా, నా కళ్లకి ముందు ఆ ఆరిన పొయ్యిలే కనిపించాయి. ఇంతమంది ఇన్ని ఇళ్లల్లోకి దూరుతున్నారు, ఒక్కరైనా మంచినీళ్లిచ్చే దిక్కు లేదు!

ఊళ్ల పేర్లు చదువుతుంటే ఒకచోట నా వేలు ఆగిపోయింది. యాస్నయా పొల్యానా! కథలు రాసుకునేదాన్ని, ఆ పేరు తెలియకపోవడమేమిటి? రష్యాలో టాల్‌స్టాయ్ పుట్టిన ఊరు. 'వార్ అండ్ పీస్' రాసింది అక్కడే. రైతుల పిల్లల కోసం ఆయన బడి పెట్టిందీ అక్కడే. గాంధీగారు 1910లో దక్షిణాఫ్రికాలో పెట్టిన ఆశ్రమానికి ఆ మహానుభావుడి పేరే పెట్టుకున్నారు. అలాంటి ఊరి పేరు తెచ్చి తుపాకుల ఆటలో పెట్టారు. ఆ సంగతి మా వాడికి చెబితే, "గట్లనా! మేం యాస్నయా అనుడే గానీ ఆయన ఊరని తెల్వదు" అన్నాడు. మర్నాడు టాల్‌స్టాయ్ కథ ఒకటి చెప్పించుకున్నాడు. ఆట వల్ల మా ఇంట్లో జరిగిన మంచి ఏదైనా ఉందంటే ఇదొక్కటీ చెప్పుకోవాలి!

ఇంకో సంగతి తెలిసి మరీ ఆశ్చర్యపోయాను. ఈ ఆటకి రూపం ఇచ్చిన బ్రెండన్ గ్రీన్ ఐర్లండ్ దేశస్థుడు. దక్షిణ కొరియా కంపెనీలో పనిచేస్తూ 2017లో ఈ ఆట తెచ్చాడు. ఆయనకో కూతురుంది, పేరు ఎరిన్. ఎరాంగెల్ అన్న పేరు ఆ పిల్ల పేరు మీంచే పెట్టాడట. కూతురి పేరు పెట్టుకున్న దీవిలో ఆడపిల్ల నోరు విప్పి మాట్లాడగలదా? ఈ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

మేం మ్యాప్ చూస్తున్నంతసేపూ మా అమ్మ వెనక మంచం మీద కూర్చుని వింటోంది. వాడు ఆట మొదలుపెట్టాడు. తుపాకుల చప్పుడు మొదలైంది. మా అమ్మ ఉలిక్కిపడింది. నేను వెనక్కి తిరిగి చూశాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

మాది ఇచ్చోడ వైపు పల్లె. నాన్న టీచరు. తొంభైల్లో నేను చిన్నపిల్లని. పొద్దుగూకిందంటే తలుపులు బిగించుకునేవాళ్లం. అడవిలోంచి అన్నలొచ్చేవాళ్లు, రోడ్డు మీంచి పోలీసులొచ్చేవాళ్లు. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులే. ఎవరొచ్చి అన్నం పెట్టమన్నా వండి పెట్టాల్సింది ఆడవాళ్లు. ఎందుకు పెట్టావని రెండోవాళ్లు అడిగితే మాటలు పడాల్సిందీ ఆడవాళ్లే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకొచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు నేను పుట్టలేదు. కానీ ఆ కథ వింటూనే పెరిగాను. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఎన్నో ఊళ్లకి అలాంటి మ్యాపు ఒకటి ఉండేది. ఏ దారిన పోకూడదు, ఏ వాగు దగ్గర ఆగకూడదు, ఏ ఇంటి ముందు నిలబడి మాట్లాడకూడదు... అది ఎవరూ గీసి ఇవ్వలేదు. మన అమ్మలే మనకి నోటితో నేర్పారు.

ఆటలో మా వాడి జట్టులో ఒకడు కింద పడ్డాడు. మా అమ్మ మెల్లగా అడిగింది.

"పడ్డోడు మల్ల లేస్తడా బిడ్డా?"

"లేస్తడు అమ్మమ్మా. దోస్తు పోయి లేపుతడు."

"మంచిదే. మా కాలంల లేవకపోతుండె."

వాడు ఏమీ అనలేదు. చేతిలో ఫోన్ సౌండ్ తగ్గించాడు.

ఆట ఆడే పిల్లలందరూ రేపు తుపాకులు పడతారని నేననను. అలా అనేవాళ్లు మన చిన్నప్పుడు దీపావళికి పేల్చిన బొమ్మ తుపాకుల సంగతి మర్చిపోయినట్టే. నా భయం అది కాదు. చావంటే లేచి దులుపుకుని మళ్లీ విమానం ఎక్కడమే అనుకుంటూ పెరిగే పిల్లలకి, లేవనివాళ్ల సంగతి చెప్పేవాళ్లు ఇంట్లో ఒకరుండాలి. మా ఇంట్లో మా అమ్మ ఉంది. మీ ఇంట్లో ఎవరున్నారు?

ఇక నిషేధాల సంగతి చూద్దాం. 2019 జనవరిలో ప్రధాని పరీక్షల మీద పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడు, తన కొడుకు ఆన్‌లైన్ ఆటల్లో పడి చదవడం లేదని ఒక తల్లి మొర పెట్టుకుంది. "ఈ పబ్జీవాలానా?" అని ఆయన అడిగితే హాలంతా నవ్వులు! అందరూ నవ్వారు కానీ ఆ తల్లి బాధ మనందరిదీ. ఆ ఏడాది మార్చిలో రాజ్‌కోట్‌లో పోలీసులు ఆటని నిషేధించి, ఆడుతున్న కుర్రాళ్లని అరెస్టు కూడా చేశారు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం మరో 117 యాప్‌లతో కలిపి దీన్ని ఆపేసింది. దేశభద్రత కోసం అన్నారు. మన ఇళ్ల కోసం అనుకుని మనం సంతోషించాం! 2021 జులైలో పేరు మార్చుకుని మళ్లీ వచ్చింది. 2022 జులైలో మళ్లీ ఆగింది. 2023 మేలో మళ్లీ వచ్చింది. పుట్టింటికీ అత్తింటికీ తిరిగే కొత్తకోడలిలా వస్తూ పోతూనే ఉంది. 2025లో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలని పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. మంచిదే. ఆ చట్టమే ఈ-స్పోర్ట్స్‌ని ప్రోత్సహించాలని కూడా అంది. అంటే ఈ ఆటలు మన ఇళ్లల్లోంచి ఇప్పట్లో పోయేవి కావు.

2021లో తిరిగొచ్చినప్పుడు కంపెనీవాళ్లు పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి నిబంధనలు పెట్టారు. రోజుకి మూడు గంటలకి మించి ఆడకూడదు, రోజుకి ఏడువేలకి మించి ఖర్చు పెట్టకూడదు. చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రోజుకి ఏడువేలా! మా ఇంటి నెల సరుకుల బిల్లు అంత రాదు. ఇది ఏ ఇంటి లెక్కో నాకు అర్థం కాలేదు. మన పిల్లలకి మన ఇంటి లెక్క మనమే చెప్పుకోవాలి తప్ప, వేరేవాళ్లు గీసిన గీతని నమ్ముకుని కూర్చుంటే లాభం లేదు.

అలాగని ఫోన్ ముట్టుకున్న ప్రతి పిల్లాడికీ జబ్బు అంటగట్టడమూ తప్పే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆటల వ్యసనాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. అయితే దానికి గుర్తులు చెప్పింది. ఆట మీద అదుపు తప్పడం, తిండీ నిద్రా చదువూ స్నేహాలూ అన్నిటికన్నా ఆటే ముందుకి రావడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం... ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు కనిపిస్తే అది జబ్బు. అలాంటి పిల్లాడికి చెంపదెబ్బ మందు కాదు, డాక్టరు కావాలి. అంతదాకా రాని పిల్లాడికి కూడా చెంపదెబ్బ మందు కాదని బస్టాండులో నాకు తెలిసొచ్చింది.

ఇక మా అక్క కూతురి సంగతి.

మా వాడి జట్టులో నలుగురిలో ఒకరు ఎప్పుడూ మాట్లాడరు. మైకు మూసేసి ఉంటుంది. ఐడీలో మగపిల్లాడి పేరుంది. వీళ్లు పడిపోయినప్పుడల్లా పరిగెత్తుకొచ్చి లేపేది ఆ మాట్లాడని మనిషే. అది మా అక్క కూతురని ఆరోజు దాకా మాకెవరికీ తెలియదు. ఎందుకే మైకు మూస్తావని తర్వాత ఫోన్‌లో అడిగాను.

"ఆడపిల్ల గొంతు ఇంటె మంచిగ ఆడనియ్యరు చిన్నమ్మా. ఒగడు నంబర్ అడుగుతడు, ఒగడు బూతులు తిడుతడు. నోరు మూసుకుంటె ఆడనిస్తరు."

నోరు మూసుకుంటే ఆడనిస్తారు! మనం విన్న మాటే కదూ ఇది? కూతురి పేరు పెట్టుకున్న దీవిలో కూడా మన ఆడపిల్ల మగ పేరు పెట్టుకుని, గొంతు మూసుకుని ఆడుకుంటోంది.

ఆ పిల్ల ఏడో తరగతి దాకా ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో పొద్దున్నే పరుగు పెట్టేది. కాళ్లల్లో చక్రాలున్నాయని మా అక్క మురిసిపోయేది. పెద్దమనిషి అయ్యాక స్టేడియం వద్దన్నారు. "కాలనీల ఉరుకు చాలు" అన్నారు. కాలనీలో మాటలొచ్చాయి. "డాబా మీద నడువు" అన్నారు. డాబా మీద ఎదురింటి కుర్రాళ్లు కనిపిస్తారని గదిలో కూర్చోబెట్టారు. గదిలో ఫోన్ మిగిలింది.

ఎరాంగెల్‌లో ఒక నీలి వలయం ఉంటుంది. మొదట దీవి మొత్తాన్ని చుట్టుకుని ఉంటుంది. కాసేపటికి చిన్నదవుతుంది. ఇంకాసేపటికి మరీ చిన్నదవుతుంది. వలయం బయట ఉండిపోయినవాళ్ల ప్రాణం కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది. అందుకని ఎంత మంచిచోట ఉన్నా వదిలేసి లోపలికి పరిగెత్తాల్సిందే. ఆఖరికి ఒక గడ్డివాము అంత చోటులో నలుగురైదుగురు మిగులుతారు. మా వాడు ఈ నియమం చెబుతుంటే వాడికది ఆట. నాకు మాత్రం మా అక్క కూతురు కళ్ల ముందు మెదిలింది. స్టేడియం, కాలనీ, డాబా, గది... ఆడపిల్లల చుట్టూ వలయాన్ని బిగించేది ఏ కంపెనీవాడో కాదండీ, మనమే! "నీ మంచికే" అంటూ.

నేనేమైనా తక్కువ తిన్నానా? మా వాడు సైకిలేసుకుని ఊరంతా తిరిగితే "మగపిల్లాడు, తిరగనీ" అన్నాను. ఎక్కడ తిరుగుతున్నాడో అడగలేదు. అక్క కూతుర్ని గదిలో కూర్చోబెడితే "కాలం మంచిగ లేదు అక్కా, నువ్వు చేసిందే కరెక్టు" అన్నదాన్నీ నేనే. అబ్బాయి ఎక్కడున్నాడో పట్టించుకోలేదు. అమ్మాయి ఎక్కడా లేకుండా చేశాం. రెండూ మన తప్పులే.

నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ బయల్దేరి 2022లోనూ 2023లోనూ బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయిందంటే ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఇంట్లోవాళ్లు ఆ పిల్ల చుట్టూ వలయం గీయలేదు. అందరు ఆడపిల్లలూ నిఖత్‌లు కావాలని కాదు. పొద్దున్నే అరగంట ఊపిరి నిండా పరిగెత్తడానికి పతకం రావాల్సిన పనేముంది?

మా అక్కకి చెప్పొద్దని ఆ పిల్ల నన్ను బతిమాలింది. తెలిస్తే ఫోన్ పోతుంది, చదువు కూడా మాన్పిస్తారేమోనని భయం. అది తెలిసీ తమ్ముడి కోసం నాకు ఫోన్ చేసింది. ఆటలో పడ్డవాణ్ణి లేపినట్టే, బస్టాండులో కూర్చున్నవాణ్ణి కూడా అదే లేపింది. రెండు రోజులు నిద్రపట్టలేదు నాకు. చెబితే పిల్ల నన్ను నమ్మదు. చెప్పకపోతే అక్కని మోసం చేసినట్టు. ఆఖరికి పిల్లకే ఫోన్ చేసి, "నేను వస్త. నువ్వే చెప్పు. నేను పక్కన కూసుంట" అన్నాను. అమ్మని దింపి వచ్చే మిషతో ఆదిలాబాద్ బస్సెక్కాను.

అంతా సాఫీగా జరిగిందని అబద్ధం చెప్పను. మా అక్క ముందు అరిచింది. తర్వాత ఏడ్చింది. "మగ పేరు పెట్టుకున్నవా నువ్వు?" అని అదే మాట పదిసార్లు అడిగింది. ఆ మాటకే ఎక్కువ బాధపడింది, ఆటకి కాదు. మా బావగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. మూడోరోజు పొద్దున ఐదున్నరకి లేచి, "షూస్ ఉన్నయా నీకు?" అని కూతుర్ని అడిగారట. పాతవి పట్టలేదు. చెప్పులేసుకునే తండ్రితో పాటు స్టేడియానికి వెళ్లింది. వారంలో నాలుగు రోజులు వెళ్తోంది ఇప్పుడు. ఆదివారం గంటసేపు ఆట కూడా ఆడుతోంది. పేరింకా మార్చుకోలేదు, మైకు ఇంకా తెరవలేదు. అది తన ఇష్టం.

మా ఇంట్లో ఒప్పందం ఇదీ. స్కూలున్న రోజుల్లో గంట, సెలవు రోజుల్లో రెండు. ఆట మధ్యలో లాక్కోకూడదు. మిగతా ముగ్గురూ పడిపోతారట, అది వాళ్లకి అవమానం. మొదలుపెట్టే ముందు టైము చూసుకోవాలి. డబ్బు మాటే లేదు, నా పిన్ మార్చేశాను. పదిహేను వందల యాభై పాకెట్ మనీలోంచి నెలకి వంద చొప్పున తీరుస్తున్నాడు. ఒప్పందం నాలుగుసార్లు తప్పాడు, రెండుసార్లు నేనూ తప్పి మధ్యలో లాక్కున్నాను. జట్టులో మిగతా ఇద్దరి పేర్లూ, ఇళ్లూ నాకిప్పుడు తెలుసు. ఒకడు జగిత్యాల పిల్లాడు, ఒకడు మా వెనక వీధివాడే! వెనక వీధి పిల్లాడితో రెండేళ్లుగా ఫోన్‌లో ఆడుతున్నాడు కానీ, ఎదురుపడితే పలకరించుకునేవాళ్లు కాదట. వాళ్లమ్మ మొన్న మా ఇంటికొచ్చి టీ తాగి వెళ్లింది. ఆవిడకీ పోచింకీ తెలీదు, నేనే చెప్పాను.

అమ్మలందరికీ నేను చెప్పేది ఒక్కటే. ఫోన్ లాక్కునే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని, "ఎక్కడ దిగుతున్నావురా?" అని అడగండి. పిల్లాడు బయటికి వెళ్లేటప్పుడు కూడా అదే మాట అడగండి. ఇంట్లో ఆడపిల్ల ఉంటే, గుండె మీద చెయ్యి వేసుకుని ఇంకో ప్రశ్న వేసుకోండి... దాని వలయం పోయినేడాది కన్నా ఎంత చిన్నదైంది?

మొన్న మా అమ్మ ఫోన్ చేసింది. మనవడితో మాట్లాడాక నాతో అంది, "పోరన్ని మల్ల అడిగిన, పోచింకీ ఏ జిల్లా అని. 'మన జిల్లానే అమ్మమ్మా, మా అమ్మకు గూడ ఎరుకే' అన్నడు."